ఫ్లారిడా వినోదనగరంలో ఏడు రోజులు

పిల్లలూ, మీ భూగోళం పుస్తకంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల పటం తీసి చూడండి. ఆగ్నేయపు మూల, సముద్రంలోకి బొటనవేలు చాచినట్టు ఒక ద్వీపకల్పం కనిపిస్తుంది. అదే ఫ్లారిడా రాష్ట్రం. దాని నడిమి భాగంలో ఆర్లాండో అనే నగరం ఉన్నది. అక్షాంశం చూశారా? ఇంచుమించు 28½ డిగ్రీలు. మన ఢిల్లీ కూడా దాదాపు అదే అక్షాంశం మీద ఉన్నది. అయితే ఢిల్లీకి సముద్రం చాలా దూరం. ఆర్లాండోకు తూర్పునా పడమరా కూడా సముద్రమే. ఈ తేడాను కాస్త గుర్తుంచుకోండి. వానల సంగతి వచ్చినప్పుడు పనికివస్తుంది.

ఆ ఆర్లాండోకు నైరుతి దిక్కున సుమారు 40 చదరపు మైళ్ళ నేలను ఒకే ఒక వినోదనగరం ఆక్రమించింది. నలుచదరంగా ఊహించుకుంటే ఒక్కొక్క పక్క ఆరు మైళ్ళకు పైగా ఉంటుందన్నమాట. దాని పేరు వాల్ట్ డిస్నీ వరల్డ్. మీలో కొందరికి అమెరికాలో మేనమామలో, పిన్నులో ఉండే ఉంటారు. అక్కడి తెలుగువాళ్ళు సెలవుల్లో పిల్లలను తీసుకుని, ఊరినుంచి వచ్చిన తాతయ్యలనూ అమ్మమ్మలనూ వెంటబెట్టుకుని అక్కడికి పోతుంటారు. 2025 ఏప్రిల్‌లో మా అమ్మాయి కుటుంబంతో నేనూ మా ఆవిడా అట్లాగే వెళ్ళాము. నిజం చెప్పాలంటే, చూసిన వింతలకంటే వెళ్ళటానికి ముందు చేసుకున్న ఏర్పాటే నాకు ఎక్కువ ఆసక్తిగా తోచింది. అందులో భూగోళం ఉన్నది, లెక్కలు ఉన్నవి, ఒక ఏడుపు కూడా ఉన్నది.

ముందు ఆ నగరం అక్కడ ఎందుకు వెలసిందో చెబుతాను.

వాల్ట్ డిస్నీ పేరు మీకు కొత్త కాదు. మికీ మౌస్‌ను సృష్టించినవాడు ఆయనే. లాస్ ఏంజెలిస్ నగరంలో గ్రిఫిత్ పార్కు అని ఒకటున్నది. తన కూతుళ్ళిద్దరూ అక్కడ గుర్రాల రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే ఆయన బెంచీ మీద కూర్చుని చూస్తుండేవాడు. పిల్లలు ఆడుకోవటం, పెద్దలు ఊరికే కూర్చోవటం! ఇద్దరూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఎందుకుండకూడదని ఆయనకు తోచింది. ఆ ఆలోచనే పెరిగి పెరిగి, 1955 జూలై 17న కాలిఫోర్నియా రాష్ట్రంలో అనాహైమ్ అనే ఊళ్ళో డిస్నీలాండుగా తయారైంది.

అది బాగా నడిచింది. ఎంత బాగా నడిచిందంటే, చుట్టూ ఎవరెవరో వచ్చి హోటళ్ళూ దుకాణాలూ కట్టి దాన్ని గోడదాకా ముట్టడించారు. పెంచుకుందామంటే నేల లేదు. అందుచేత రెండోసారి కట్టేటప్పుడు డిస్నీ ముందుగా నేల సంగతి చూసుకున్నాడు. 1963 నవంబరులో విమానంలో ఆర్లాండో మీదుగా ఎగిరి కిందికి చూశాడు. అంతా చిత్తడి నేల, దేవదారు చెట్లు, మధ్యమధ్య నారింజ తోటలు. మంచి రోడ్లు మాత్రం ఉన్నవి. ఇక్కడే అనుకున్నాడు.

అయితే డిస్నీ కొంటున్నాడని తెలిస్తే ధర ఆకాశానికి అంటుతుంది కదా? అందుకని ఎవరికీ తెలియని పేర్లతో చిన్న చిన్న కంపెనీలు పెట్టి వాటిచేత కొనిపించారు. వాటిలో ఒకదాని పేరు ఐఫోర్ కార్పొరేషన్. ఆ నేల పక్కగా పోయే పెద్ద రహదారి పేరు ఐ-4! ఆ పేరునే అక్షరాల్లో రాసి కంపెనీకి పెట్టారు. కళ్ళముందే ఉన్నా ఎవరికీ తట్టలేదు. 1965 అక్టోబరులో ఎమిలీ బావర్ అనే పత్రికా విలేఖరి గుట్టు పసిగట్టి ప్రకటించేటప్పటికి దాదాపు 27,000 ఎకరాలు చేతికి వచ్చేసింది.

ఆ నగరాన్ని చూసే భాగ్యం మాత్రం వాల్ట్ డిస్నీకి లేకపోయింది. 1966 డిసెంబరు 15న ఆయన చనిపోయాడు. ఆయన అన్నగారు రాయ్ డిస్నీకి అప్పటికి 73 ఏళ్ళు. పని మానుకుని విశ్రాంతి తీసుకోవలసిన వయసు. ఆయన విశ్రాంతిని వాయిదా వేసుకుని తమ్ముడి పనిని నెత్తిన వేసుకున్నాడు. వట్టి డిస్నీ వరల్డు అని కాదు, వాల్ట్ డిస్నీ వరల్డు అని పిలవాలని పట్టుబట్టినవాడు ఆయనే. 1971 అక్టోబరు 1న తలుపులు తెరిచారు. మూడు నెలలైనా తిరగకుండా, డిసెంబరు 20న, రాయ్ కూడా కన్నుమూశాడు.

చిత్తడి నేల మీద నగరం నిలబెట్టటం తమాషా కాదు. పనామా కాలువ మండలానికి గవర్నరుగా పనిచేసిన జో పాటర్ అనే ఇంజనీరును పిలిపించారు. ఆయన మైళ్ళకొద్దీ కాలువలు తవ్వించాడు. ఆ కాలువల్లో పెట్టిన తలుపులను గురించి తప్పక చెప్పాలి. నీరు పెరిగితే అవి తేలి వాటంతట అవే తెరుచుకుంటాయి. నీరు తగ్గితే మూసుకుంటాయి. తిప్పటానికి మనిషి అక్కరలేదు. ఆర్కిమిడీసు సూత్రం పాఠంలో చదువుకున్నది ఇక్కడ కాపలా కాస్తున్నదన్నమాట.

ఇంకొక విశేషం. డిస్నీలాండులో ఒకనాడు కౌబాయ్ వేషం వేసుకున్నవాడు రాకెట్ల యుగాన్ని చూపే వీధిలోంచి నడిచిపోతుంటే వాల్ట్ డిస్నీకి మనసు చివుక్కుమన్నదట. కథ చెడిపోతుంది కదా! ఈసారి పనివాళ్ళు కనిపించకుండా తిరగటానికి సొరంగాలు ఉండాలన్నారు. కాని అక్కడ కొంచెం తవ్వితే నీళ్ళు పడతాయి. మరి సొరంగం ఎట్లా? నేలమట్టం మీదనే సొరంగాలు కట్టి, పక్కన పెద్ద చెరువు తవ్వి, ఆ మట్టి తెచ్చి వాటిమీద కప్పారు. కాబట్టి మ్యాజిక్ కింగ్‌డమ్ అనే భాగంలో తిరిగేవాళ్ళు నేలమీద తిరుగుతున్నామనుకుంటారు గాని, నిజానికి వాళ్ళు నడిచేది మేడమీద!

ఇప్పుడు ఏర్పాటు సంగతి.

మా అమ్మాయీ అల్లుడూ ఉండేది అట్లాంటాలో. అక్కడినుంచి ఆర్లాండో దాదాపు 700 కిలోమీటర్లు. ఈ విహారం కోసం వాళ్ళు రెండేళ్ళు డబ్బు కూడబెట్టారు. “మామయ్యగారూ, మీరిద్దరూ వచ్చినప్పుడే వెళ్ళాలని ఇన్నాళ్ళూ ఆగాము. మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో!” అన్నాడు అల్లుడు. ఆ మాట వింటే ఏడురోజుల్లో ఒక్కటి కూడా వృథా కాకూడదనిపించింది. నేను ఒక పెద్ద కాగితం తీసి ఏడు వరసలూ మూడు గళ్ళూ గీశాను: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఇంట్లో ఆరుగురం. ఒక్కొక్కరు తమకు తప్పనిసరి అయినదాన్ని ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే, చెప్పాలన్నాను.

పెద్ద మనవరాలికి 11 ఏళ్ళు. ఆమె కోరింది స్పేస్ మౌంటెన్. అది చీకట్లో కొండలెక్కి దిగే బండి. అల్లుడు రాకెట్లు చూడాలన్నాడు. మా అమ్మాయి ఒక పూట నిద్రపోవాలన్నది. అందరూ నవ్వారు గాని ఆమె నవ్వలేదు. అయిదేళ్ళ మనవడు “అక్క ఎక్కేది నేనూ ఎక్కుతాను” అన్నాడు. మా ఆవిడ మాత్రం, “నా మోకాళ్ళతో నేనెక్కడ తిరుగుతాను? మీరు పోయి రండి, నేను ఇంట్లో ఉంటాను” అన్నది.

దానికి మనవరాలు ఒప్పుకోలేదు. “అమ్మమ్మా, నువ్వు రాకపోతే ఇన్నాళ్ళు ఆగటం ఎందుకు?” అని, కూర్చుని అన్నీ వెతికింది. చక్రాల కుర్చీలు అక్కడ అద్దెకు ఇస్తారు. బస్సుల్లోకి కుర్చీతోనే ఎక్కవచ్చు. మ్యాజిక్ కింగ్‌డమ్ చుట్టూ ఒకటిన్నర మైలు తిరిగే రైలున్నది. అది బొమ్మ రైలు కాదు, నిజమైన ఆవిరి రైలు. దాని ఇంజన్లు నాలుగూ 1916కూ 1928కీ మధ్య ఫిలడెల్ఫియాలో తయారై, మెక్సికోలో చాలాకాలం పనిచేసి, ఆ తరవాత ఇక్కడికి వచ్చినవి. “అయితే నాకంటే పెద్దవే! అవి తిరుగుతుంటే నేను తిరగలేనా?” అన్నది మా ఆవిడ. ఆమె కోరిక పులులను చూడటం. కాగితం మీద రాశాను.

తరవాత డబ్బు. అక్కడ మూడేళ్ళ లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. మూడునుంచి తొమ్మిది ఏళ్ళవాళ్ళకు పిల్లల టిక్కెట్టు. పది నిండితే పెద్దవాళ్ళ కిందనే లెక్క. 1971లో పెద్దవాళ్ళ ప్రవేశ రుసుము మూడున్నర డాలర్లు. లోపల ఆటలకు వేరే టిక్కెట్లు కొనేవారు. 2025లో ఒక్కరోజు టిక్కెట్టు, తేదీనిబట్టి 119 డాలర్ల నుంచి 199 డాలర్ల దాకా ఉన్నది. పండగ రోజుల్లో ఎక్కువ, బడులు నడిచే రోజుల్లో తక్కువ. రోజులు పెరిగినకొద్దీ రోజుకు పడే ధర తగ్గుతుంది. ఈ లెక్కలన్నీ మనవరాలిచేత వేయించాను. ఆరుగురికి నాలుగు రోజులంటే ఎంతవుతుందో తేలేసరికి ఆ పిల్ల కలం కింద పెట్టేసింది.

అక్కడ ముఖ్యమైన వనాలు నాలుగున్నవి. మ్యాజిక్ కింగ్‌డమ్ కాక, 1982లో తెరిచిన ఎప్‌కాట్. 1989లో వచ్చి ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలవబడేది. 1998లో వచ్చిన యానిమల్ కింగ్‌డమ్. ఏడురోజుల్లో పోవటానికీ రావటానికీ రెండు పోగా అయిదు మిగిలినవి. నాలుగు వనాలూ, రాకెట్లూ చూస్తే విశ్రాంతి లేదు. విశ్రాంతి తీసుకుంటే ఏదో ఒకటి వదలాలి. ఏది? ఏర్పాటులో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే. ఏమేమి చూడాలో ఎవరైనా రాయగలరు. రెండు రాత్రులు ఆలోచించి మనవరాలే హాలీవుడ్ స్టూడియోస్ మీద గీత గీసింది. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు గాని, గీత మాత్రం చెరపలేదు.

ఇక వరసలో నిలబడే సంగతి. ఇది శాస్త్రం పిల్లలూ, సరదా మాట కాదు. 1909లో కోపెన్‌హేగెన్ నగరంలో ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు టెలిఫోను కచేరీలో పిలుపులు ఎంతసేపు ఆగవలసి వస్తుందో లెక్కకట్టాడు. అప్పటినుంచి వరసల గణితం ఒక ప్రత్యేకశాస్త్రమైంది. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికా ఆచార్యుడు చక్కని సూత్రం ఒకటి రుజువు చేశాడు. ఇంచుమించుగా దాని అర్థమిది: వరసలో ఉన్నవాళ్ళ సంఖ్యను, గంటకు లోపలికి పోయేవాళ్ళ సంఖ్యతో భాగిస్తే ఎన్ని గంటలు ఆగాలో వస్తుంది.

ఒక పడవలో 20 మంది పడతారనుకోండి. నిమిషానికి ఒక పడవ. గంటకు 1200 మంది. మీ ముందు 600 మంది ఉంటే అరగంట ఆగాలి. ఇప్పుడు ఇంకొకటి చూడండి. ద్వారం తొమ్మిదింటికి తెరిచారు. గంటకు 1200 మంది పోగలచోటికి గంటకు 1500 మంది వస్తున్నారు. తొమ్మిదింటికి వెళ్ళినవాడు నేరుగా ఎక్కుతాడు. కాని గంటకు 300 మంది చొప్పున మిగిలిపోతూ ఉంటారు. పదకొండింటికి 600 మంది పోగవుతారు. పదకొండింటికి వచ్చినవాడు అరగంట నిలబడాలి. ఇద్దరూ ఇచ్చిన డబ్బు ఒకటే! ఈ లెక్క చూపించిన తరవాత మా ఇంట్లో పొద్దున్నే లేవటానికి ఎవరూ సణగలేదు.

వరస తప్పించుకునే మార్గం కూడా ఉన్నది. 1999లో ముందుగా వేళ రాసిన చీటీలు ఉచితంగా ఇచ్చేవారు. 2020తో అది పోయింది. 2021 నుంచి డబ్బిచ్చి కొనుక్కోవాలి. మేము ఒక్క మ్యాజిక్ కింగ్‌డమ్ రోజుకే కొన్నాము.

ఇప్పుడు ఏడుపు సంగతి. స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే 44 అంగుళాల ఎత్తుండాలి. మనవణ్ణి తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి పెన్సిలుతో గీత గీశాము. 42 అంగుళాలు. అప్పటికి రెండు నెలల వ్యవధి ఉన్నది. ఆ వయసు పిల్లలు ఏడాదికి రెండు, రెండున్నర అంగుళాలు పెరుగుతారు. మరి రెండు నెలల్లో ఎంత? అర అంగుళం కూడా కాదు. మనవరాలు నా దగ్గరికి వచ్చి, “తాతయ్యా, వాడికి ఇప్పుడు చెప్పొద్దు. అక్కడికి పోయాక నేనూ నాన్నా ఎక్కి వస్తాము, వాడికి ఐస్‌క్రీము కొనిపెడదాం” అన్నది. వాణ్ణి బాధపెట్టటం ఇష్టంలేకనే అన్నది పాపం. “రెండు నెలలు ఆశపడి, ద్వారం దగ్గర కర్రతో కొలిచి కాదంటే వాడికి ఎట్లా ఉంటుంది?” అని అడిగాను.

ఆ సాయంత్రమే అక్కే కూర్చోబెట్టి చెప్పింది. వాడు గట్టిగా ఏడ్చాడు. తరవాత, “రెండు జతల మేజోళ్ళు వేసుకుంటే?” అన్నాడు. అప్పుడు నేను జడత్వం గురించి చెప్పాను. బస్సు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలుతాము కదా? ఆ బండి మలుపు తిరిగినప్పుడల్లా శరీరం పక్కకు పోవాలని చూస్తుంది. ఒళ్ళో అడ్డంగా వచ్చే కడ్డీ దాన్ని పట్టి ఉంచుతుంది. కడ్డీ సరిపడే శరీరం ఎంతుండాలో కట్టినవాళ్ళు కొలిచిపెట్టారు. ఆ కొలత ధైర్యానిది కాదు, కడ్డీది. మేజోళ్ళు వేసుకుంటే మనిషి పొడుగు కనిపిస్తాడు గాని, కడ్డీకి ఏం తెలుస్తుంది? వాడు చాలాసేపు ఆలోచించి, రోజుకు మూడుసార్లు పాలు తాగటం మొదలుపెట్టాడు. ఏడు మరుగుజ్జుల గని బండికి 38 అంగుళాలు చాలునని తెలిసి, అదే తన తప్పనిసరి అని కాగితం మీద రాయించాడు.

వానల మాట ఇచ్చాను కదా. ఎండాకాలంలో పగలు నేల త్వరగా కాగుతుంది, సముద్రం కాగదు. అందుచేత సముద్రపు గాలి నేలమీదికి వీస్తుంది. ఫ్లారిడాకు రెండుపక్కలా సముద్రమే కాబట్టి తూర్పు గాలీ పడమటి గాలీ నడిమధ్యన ఢీకొంటాయి. ఎటూ పోలేక ఆ తేమగాలి పైకి లేస్తుంది. చల్లబడి ఉరుముల మబ్బులవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ మధ్యాహ్నం ఉరుము వినిపించటం మామూలు. పిడుగు సూచన ఉంటే ఆరుబయటి ఆటలు ఆపేస్తారు. జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలం కూడా. మేము ఏప్రిల్‌లో వెళ్ళాము కాబట్టి వాన బాధ లేదు, ఎండ బాధే. అందుకని పొద్దున తిరిగి, మధ్యాహ్నం బసకు వచ్చి పడుకుని, సాయంత్రం మళ్ళీ వెళ్ళేట్టు రాసుకున్నాము. వంట చేసుకునే వీలున్న ఇల్లు ఒకటి వినోదనగరం వెలుపల అద్దెకు తీసుకున్నాము. తిండి లోపలికి తీసుకుపోవచ్చు, గాజు సీసాలు మాత్రం పనికిరావు. మొదటిరోజు పులిహోర, రెండోరోజు చపాతీలు.

ఇక జరిగింది క్లుప్తంగా చెబుతాను. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో సిండ్రెల్లా కోట 189 అడుగులు. చూస్తే ఇంకా చాలా ఎత్తనిపిస్తుంది. పైకి పోనుపోను రాళ్ళూ కిటికీలూ చిన్నవిగా కట్టారు. కంటికి అవి దూరమై కనిపిస్తాయి. మన గుడి గోపురాల అంతస్తులు కూడా పైకి పోయినకొద్దీ చిన్నవవుతాయి, ఈసారి పరికించి చూడండి. 200 అడుగులైతే విమానాల కోసం ఎర్రదీపం పెట్టాలి, కోటమీద దీపం బాగుండదని అంతకు లోపలే ఆపారు. అక్కడి గుర్రాల రంగులరాట్నం 1917లో తయారైనది. మా ఆవిడ దానిమీద కూడా తిరిగింది. మనవడు గని బండి రెండుసార్లు ఎక్కాడు. స్పేస్ మౌంటెన్‌నుంచి వచ్చిన అక్కను, “ఎంత వేగం?” అని అడిగాడు. ఎగిరిపోయినట్టున్నదని ఆమె అన్నది. నిజానికి దాని వేగం గంటకు 28 మైళ్ళు, అనగా 45 కిలోమీటర్లు. మన పల్లెలకు పోయే బస్సు అంతకంటే వేగంగా పోతుంది. చీకట్లో మలుపు ముందుగా కనిపించదు కాబట్టి శరీరం మోసపోతుంది.

యానిమల్ కింగ్‌డమ్‌లో ఆనందపూర్ అనే కల్పిత రాజ్యం ఉన్నది. పేరు మనదే! అక్కడ మా ఆవిడ చక్రాల కుర్చీలో కూర్చుని పులులను అరగంట చూసింది. వరస లేదు, కడ్డీ లేదు. ఎప్‌కాట్‌లో 180 అడుగుల ఎత్తు గోళం ఒకటున్నది. దానిమీద పడిన వాననీరు కింద నడిచేవాళ్ళ నెత్తిన కారకుండా, లోపలికి పోయి పక్కనున్న చెరువులో కలిసేట్టు కట్టారు. ఆ చెరువు చుట్టూ 11 దేశాల వీధులున్నవి. జపాను, చైనా, మెక్సికో, మొరాకో అన్నీ ఉన్నవి. “తాతయ్యా, మనదేదీ?” అన్నది మనవరాలు. లేదు. నాకూ చివుక్కుమన్నది. కెనెడీ అంతరిక్ష కేంద్రంలో 363 అడుగుల శాటర్న్ రాకెట్టును పడుకోబెట్టి ఉంచారు. దాని కింద అల్లుడు ఒక చివరినుంచి మరొక చివరకు నడిచి, మళ్ళీ వెనక్కు నడిచాడు. నాలుగోరోజు మధ్యాహ్నం మా అమ్మాయి మూడు గంటలు నిద్రపోయింది. ఎవరూ లేపలేదు.

ఇక మీకొక లెక్క. ఒక పడవలో 16 మంది పడతారు. అర నిమిషానికి ఒక పడవ కదులుతుంది. మీ ముందు 480 మంది ఉన్నారు. మీరు వరసలో చేరగానే ఉరుము వినిపించి 20 నిమిషాలు పడవలు ఆపేశారు. ఆ 20 నిమిషాల్లో మీ వెనక మరి 200 మంది వచ్చి చేరారు. మీరు పడవ ఎక్కటానికి మొత్తం ఎంతసేపు పడుతుంది? మీ వెనక చేరినవాళ్ళను గురించి బాగా ఆలోచించి మరీ జవాబు రాయండి.